జాన్ కోల్ట్రేన్ – మళ్ళీ విద్యార్థి అయిన విద్వాంసుడు

స్వర్ణోత్సవ సంచిక కోసం తమకు స్ఫూర్తినిచ్చిన ఒక ప్రసిద్ధ వ్యక్తి గురించి రాయమని సంపాదకవర్గం పూర్వ విద్యార్థులందరినీ కోరింది. అబ్దుల్ కలాం గారి గురించీ, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించీ రాసేవారు మనలో చాలామందే ఉంటారు. ఇంజనీరుగా నేనూ ఆ దారే పట్టవలసింది. నేను ఎంచుకున్నది మాత్రం అమెరికాలో పుట్టిన ఒక నల్లజాతి సాక్సోఫోన్ విద్వాంసుణ్ణి. ఆయన పేరు జాన్ కోల్ట్రేన్. నలభై ఏళ్ళే బతికి, నేను పుట్టకముందే 1967లో కన్నుమూశారు.

ఈ ఎంపికకు కారణం ఒక గ్రామఫోన్ రికార్డు. కోల్ట్రేన్ 1957లో చేసిన 'బ్లూ ట్రెయిన్' అనే ఆల్బమ్‌ను, మొదట దాన్ని తెచ్చిన బ్లూ నోట్ సంస్థే 2022లో అసలు టేపుల నుంచి మళ్ళీ ఎల్పీగా విడుదల చేసింది. మా అమ్మాయి దాన్ని కొని నాకు కానుకగా ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా నా వృత్తి విద్యుత్ కేంద్రాల్లో టర్బైన్ల కంపనాలను కొలవడం. రికార్డు గాడిలో ఉన్నది కూడా కంపనమే కాబట్టి మొదట యంత్రం మీద ఆసక్తితోనే విన్నాను. తర్వాత ఆ మనిషి గురించి చదివాను. ఆయన జీవితంలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక ఐదు నెలలు ఉన్నాయి. మన బడి వాళ్ళకు చెప్పవలసింది ఆ ఐదు నెలల గురించేనని నాకు అనిపించింది.

సాక్సోఫోన్ మనకు కొత్త వాయిద్యం కాదు. మన పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంలో క్లారినెట్ పక్కన, ఇత్తడితో చేసి, కింద వంపు తిరిగి మెరిసేది అదే. కద్రి గోపాల్‌నాథ్ గారు దాని మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తుంటే మనలో చాలామంది విన్నాం. జాజ్ సంగీతం మాత్రం కొందరికి కొత్త కావచ్చు. మన కచేరీలో కీర్తన పాడాక విద్వాంసుడు స్వరకల్పన చేసినట్టే, జాజ్‌లో కూడా ముందు ఒక బాణీని అందరూ కలిసి వాయిస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. తేడా ఒకటుంది. మన దగ్గర రాగం స్థిరంగా ఉంటుంది. జాజ్‌లో పియానో వాయించే స్వరసమూహాలు, అంటే కార్డులు, కింద మారిపోతూ ఉంటాయి. పైన వాయించేవాడు ఆ మార్పులకు తగ్గట్టు క్షణక్షణం దారి మార్చుకోవాలి. రైలు పెట్టెల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూ పరుగెత్తడం లాంటిది అది.

హామ్లెట్ కుర్రాడు

జాన్ 1926 సెప్టెంబరు 23న ఉత్తర కరోలినా రాష్ట్రంలో హామ్లెట్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కొన్ని నెలలకే ఆ కుటుంబం అదే రాష్ట్రంలోని హై పాయింట్ అనే ఊరికి మారింది. తండ్రి దర్జీ. తీరిక దొరికితే ఏదో ఒక వాయిద్యం పట్టుకునేవాడు. తల్లి తరఫు తాతగారు విలియం బ్లెయిర్ చర్చిలో పాస్టరు. ఆ ఇంట్లో సంగీతమూ ఉంది, ప్రార్థనా ఉంది.

జాన్‌కు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ ఇల్లు కూలిపోయింది. 1938 డిసెంబరుతో మొదలుపెట్టి కొద్ది నెలల్లోనే తాత, తండ్రి, అమ్మమ్మ, పెద్దతరం వాళ్ళలో మరొకరు వరసగా పోయారు. తల్లి ఇతరుల ఇళ్ళల్లో పనికి కుదిరింది. తోబుట్టువులా పెరిగిన మేరీ అనే బంధువు పిల్ల ఒక్కతే అతనికి తోడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన తన రచనల్లో ఒకదానికి ఆమె పేరే పెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళోని ఒక పాస్టరు పిల్లల కోసం బ్యాండు పెట్టారు. జాన్ అందులో చేరి ముందు ఆల్టో హార్న్, తర్వాత క్లారినెట్ నేర్చుకున్నాడు. ఆపైన అతను చదివే విలియం పెన్ హైస్కూల్లోనూ బ్యాండు మొదలైంది. ఆ స్కూలు నల్లజాతి పిల్లలకు మాత్రమే. తెల్లవాళ్ళ పిల్లలతో కలిసి చదవడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది కాదు. అలాంటి బడికి బ్యాండు ఉండటం ఎంత పెద్ద విషయమో ఊహించండి. హైస్కూలు రోజుల్లోనే అతని మనసు సాక్సోఫోన్ మీదికి మళ్ళింది. సొంత వాయిద్యం లేదు, ఊళ్ళో ఒకాయన దగ్గర అరువు తెచ్చుకుని సాధన చేసేవాడు.

1943లో హైస్కూలు పూర్తయ్యాక ఫిలడెల్ఫియా చేరాడు. పగలు కూలిపని, సాయంత్రాలు సంగీత పాఠాలు. తల్లి అతనికి ఒక ఆల్టో సాక్సోఫోన్ కొనిపెట్టింది. పాచిపనుల మీద వచ్చే జీతంలోంచి ఆవిడ ఆ డబ్బు ఎలా మిగిల్చిందో మన అమ్మలను చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1945లో నౌకాదళంలో చేరాడు, హవాయిలో అక్కడి బ్యాండులో వాయించాడు. మరుసటి ఏడాది బయటికి వచ్చాక, మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వం ఇచ్చే సహాయంతో ఫిలడెల్ఫియాలోని గ్రానాఫ్ సంగీత పాఠశాలలో చేరాడు. అక్కడ డెన్నిస్ శాండోల్ అనే గురువు దగ్గర సంగీతశాస్త్రం లోతుగా చదివాడు.

పడిపోయిన రోజులు

ఆ తరం జాజ్ విద్వాంసులందరికీ ఆరాధ్యుడు చార్లీ పార్కర్. ఆయన వేగాన్నీ, ఊహనూ కుర్రాళ్ళంతా అనుకరించారు. ఆయనకున్న హెరాయిన్ అలవాటు కూడా చాలామందికి అంటుకుంది. కోల్ట్రేన్ అందుకు మినహాయింపు కాలేకపోయారు. 1940ల చివర నుంచి మత్తుమందు, దానికి తోడు తాగుడు ఆయనను పట్టుకున్నాయి.

1949లో డిజీ గిలెస్పీ పెద్ద బ్యాండులో చోటు దొరికింది. 1954లో, చిన్నప్పటి నుంచీ తాను ఆరాధించిన జానీ హాడ్జెస్ బృందంలో వాయించే అవకాశం వచ్చింది. ఆ అలవాటు వల్ల అది నిలవలేదు. 1955లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన కొత్త బృందానికి పిలిచారు. అప్పట్లో జాజ్ వాయించేవాడికి అంతకు మించిన ఉద్యోగం లేదు. అదే ఏడాది నైమాతో పెళ్ళయింది. బయటివాళ్ళ కంటికి జీవితం గాడిన పడినట్టే కనిపించి ఉంటుంది.

కానీ కోల్ట్రేన్ కచేరీలకు ఆలస్యంగా వచ్చేవారు. వేదిక మీదే కునికిపాట్లు పడేవారు. మైల్స్ డేవిస్ తానూ ఒకప్పుడు అదే ఊబిలోంచి బయటపడినవాడు కాబట్టి చాలాకాలం ఓర్చుకున్నారు. 1957 ఏప్రిల్‌లో ఇక కుదరదని పంపించేశారు. అప్పటికి కోల్ట్రేన్ వయసు ముప్పై. భార్య, ఒక కూతురు. చేతిలో ఉద్యోగం లేదు. వృత్తిలో పేరు చెడింది.

ఆయన ఫిలడెల్ఫియాలో తల్లి దగ్గరికి వెళ్ళిపోయారు. అంతకు కొన్నేళ్ళ ముందు మాజీ సైనికులకిచ్చే రుణంతో తానే తల్లి కోసం కొన్న ఇల్లది. అక్కడ, ఆసుపత్రీ మందులూ లేకుండా, తల్లీ భార్యా కనిపెట్టుకుని ఉండగా హెరాయిన్ మానేశారు. మత్తుమందు ఒక్కసారిగా మానేస్తే ఒళ్ళంతా నొప్పులు, వణుకు, వాంతులు, నిద్రలేమి. వాటన్నిటినీ ఓర్చుకున్నారు. తాగుడు కూడా ఆ రోజుల్లోనే వదిలేశారు. తర్వాతి కాలంలో ఆయన స్వయంగా రాసిన ఒక చిన్న వ్యాసంలో, ఆ 1957లోనే తనకు దేవుడి దయ వల్ల మెలకువ వచ్చిందని, తన సంగీతంతో పదిమందికీ సంతోషం పంచే శక్తి ఇమ్మని అప్పుడు వేడుకున్నానని తలుచుకున్నారు. మళ్ళీ ఆ మందు జోలికి ఆయన పోలేదు.

మళ్ళీ విద్యార్థిగా

ఇక్కడి నుంచి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. వ్యసనం మానడం ఒక ఎత్తు, మానిన తర్వాత ఖాళీ అయిన రోజుల్ని దేనితో నింపుకుంటామన్నది ఇంకో ఎత్తు. కోల్ట్రేన్ వాటిని చదువుతో నింపారు.

ముప్పై ఏళ్ళ వయసులో, అప్పటికే మైల్స్ డేవిస్ పక్కన పేరు తెచ్చుకున్న మనిషి, థెలోనియస్ మంక్ అనే పియానో విద్వాంసుడి ఇంటికి పాఠానికి వెళ్ళేవారు. మంక్ రచనలు విచిత్రంగా ఉంటాయి. ఎక్కడ ఏ స్వరం వస్తుందో ఊహించలేం. మంక్ పియానో మీద వాయించి చూపించేవారు, కోల్ట్రేన్ సాక్సోఫోన్ మీద దాన్ని పట్టుకునేదాకా ప్రయత్నించేవారు. ఆ వేసవిలో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో మంక్ బృందంతో నెలల తరబడి వాయించారు.

ఆయన సాధన గురించి తోటి విద్వాంసులు కథలు కథలుగా చెప్పుకునేవారు. కచేరీ మధ్య విరామంలో అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే ఆయన ఒక మూల నిలబడి సాధన చేసేవారు. ఇంట్లో గంటల తరబడి అదే పని. సాక్సోఫోన్ పాఠాలతో సరిపెట్టుకోక పియానో, హార్ప్ వాయిద్యాల కోసం రాసిన అభ్యాసాలు తెచ్చుకుని వాయించేవారు. నికొలాస్ స్లోనిమ్‌స్కీ అనే సంగీతశాస్త్రవేత్త స్వరాల వరసలను లెక్కల పట్టికల్లా కూర్చిన ఒక లావుపాటి పుస్తకం ఉంది. దాన్ని మనం టెన్తులో గైడు పట్టినట్టు పట్టారు.

అప్పటికి ఆయన ప్రెస్టీజ్ అనే రికార్డు సంస్థతో ఒప్పందంలో ఉన్నారు. అయినా అంతకుముందే బ్లూ నోట్ యజమాని ఆల్ఫ్రెడ్ లయన్‌కు ఒక రికార్డు చేస్తానని నోటి మాట ఇచ్చి ఉన్నారు. కాగితం లేని ఆ మాటను ప్రెస్టీజ్ అనుమతితో నిలబెట్టుకున్నారు. లయన్ బెర్లిన్ నుంచి వలస వచ్చిన యూదుడు. జాజ్ మీద ప్రేమతో 1939లో ఆ సంస్థను పెట్టారు. ఆయన పద్ధతి ఒకటి అప్పటి చిన్న సంస్థల్లో అరుదు. రికార్డింగుకు ముందు రిహార్సల్ రోజులకు కూడా వాద్యకారులకు డబ్బిచ్చేవారు. కోల్ట్రేన్‌కు అప్పుడు కావలసింది సరిగ్గా అదే.

ఒక ఆదివారం, ఒక ఇంటి హాలు

'బ్లూ ట్రెయిన్' రికార్డింగు 1957 సెప్టెంబరు 15న, ఆదివారం నాడు జరిగింది. ఉద్యోగం పోయి ఐదు నెలలు. స్థలం న్యూజెర్సీలోని హాకెన్‌సాక్ అనే ఊళ్ళో ఒక ఇంటి హాలు. ఆ ఇల్లు రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రులది. రూడీ పగలు కళ్ళు పరీక్షించి అద్దాలు రాసిచ్చేవారు, మిగిలిన వేళల్లో సౌండ్ ఇంజనీరు. ఆ ఇల్లు కట్టేటప్పుడే తల్లిదండ్రులు కొడుకు ముచ్చట చూసి హాలు పక్కన గాజు కిటికీతో ఒక కంట్రోల్ గది పెట్టించారు. జాజ్ చరిత్రలో గొప్పవని చెప్పుకునే రికార్డులు కొన్ని వందలు ఆ హాల్లో పుట్టాయి. ఇంజనీరింగు చదివిన వాళ్ళం ప్రయోగశాల లేదనీ, పరికరాలు చాలవనీ అనుకునే రోజుల్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆ రోజు హాల్లో ఆరుగురు. టెనర్ సాక్సోఫోన్ మీద కోల్ట్రేన్. ట్రంపెట్ మీద లీ మోర్గన్, వయసు పందొమ్మిది, అంటే మన లెక్కలో డిగ్రీ రెండో సంవత్సరం కుర్రాడు. ట్రాంబోన్ మీద కర్టిస్ ఫుల్లర్, పియానో మీద కెన్నీ డ్రూ, బేస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద ఫిలీ జో జోన్స్. వాయించినవి ఐదు. నాలుగు కోల్ట్రేన్ స్వయంగా రాసినవి, ఒకటి జెరోమ్ కెర్న్ బాణీ కట్టిన పాత సినిమా పాట.

మొదటిది ఆల్బమ్ పేరుతోనే ఉంది. మూడు గాలి వాయిద్యాలు కలిసి నెమ్మదిగా, బరువుగా ఒక పిలుపు పిలుస్తాయి. పియానో చిన్నగా బదులిస్తుంది. మళ్ళీ పిలుపు, మళ్ళీ బదులు. నాలుగేసి లెక్కల కొలతలు పన్నెండు కలిస్తే ఒక చుట్టు. దీన్ని బ్లూస్ అంటారు. పొలాల్లో కష్టం చేసిన నల్లజాతి వాళ్ళ పాటల నుంచి వచ్చిన చట్రం అది. బాణీ ముగియగానే కోల్ట్రేన్ సాక్సోఫోన్ ముందుకు వస్తుంది. మొదటి స్వరంలోనే ఆయన గొంతు గుర్తుపట్టవచ్చు. దృఢంగా, కొంచెం గరుకుగా, తడబాటు లేకుండా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో చుట్టులో స్వరాలు చిక్కబడుతూ పోతాయి. ఐదు నెలల కిందట వేదిక మీద కునికిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది.

రెండోది 'మొమెంట్స్ నోటీస్'. కార్డులు చాలా వేగంగా మారుతుంటాయి. అంత కష్టమైనదాన్ని అంత తక్కువ వ్యవధిలో వాయించమంటే ఎలా అని ఫుల్లర్ అన్నారని, దాని మీదే ఆ పేరు వచ్చిందని చెబుతారు. వినేవాడికి ఆ కష్టం తెలియదు. చెరువు గట్టు మీద సైకిలు తొక్కుతున్న హుషారే వినిపిస్తుంది.

గాడిలో ఏముంది

ఇప్పుడు కొంచెం నా వృత్తి మాట. ఎల్పీ నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. బయటి అంచు దగ్గర గాడి సూది కింద నుంచి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో జారుతుంది. లోపలికి పోయేకొద్దీ చుట్టు చిన్నదై అది దాదాపు 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంటే అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే లోపలి పాటల్లో పై స్థాయి స్వరాలు తేలిగ్గా చెదురుతాయి. గాడిని చెక్కే మనిషి నేర్పు అక్కడే తెలుస్తుంది.

1957లో చాలా ఇళ్ళల్లో ఉన్నది మోనో. మోనో గాడిలో సూది పక్కలకే ఊగుతుంది. స్టీరియోలో గాడి రెండు గోడల మీద రెండు వేరు వేరు శబ్దాలు ఉంటాయి కనుక సూది పైకీ కిందికీ కూడా కదులుతుంది. వాన్ గెల్డర్ ఆ రోజు మోనో టేపుతో పాటు స్టీరియో టేపు కూడా తీశారు. 2022లో జో హార్లీ పర్యవేక్షణలో, కెవిన్ గ్రే చేత గాడి చెక్కించి, ఆ రెంటినీ విడివిడిగా తెచ్చారు. మధ్యలో ఎక్కడా కంప్యూటరు లేదు. టేపు మీది శబ్దం నేరుగా గాడిలోకి దిగింది. రికార్డు బరువు 180 గ్రాములు. మా ఇంట్లో ఉన్నది రెండు డిస్కుల స్టీరియో. స్పీకర్ల మధ్య కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ హాల్లో ఎవరు ఎటు నిలబడ్డారో వేలుపెట్టి చూపించవచ్చు.

రెండో డిస్కు నాకు మరీ ఇష్టం. అందులో అప్పుడు విడుదల చేయకుండా పక్కన పెట్టినవి ఉన్నాయి. అదే పాట వేరే విధంగా వాయించినవి, మొదలుపెట్టి కుదరక ఆపేసినది కూడా ఒకటి. అరవై ఏళ్ళకు పైగా అందరూ విన్న ఆ మొదటి పాటలో పియానో భాగం నిజానికి ఇంకోసారి వాయించినప్పటిది. బాగా వచ్చిన ఆ ముక్కను టేపు కోసి ఇక్కడ అతికించారు. ఎక్కడ అతుకు పడిందో నా చెవికి దొరకలేదు. ఈ డిస్కు వింటే ఫెయిర్ నోటుబుక్కు వెనక రఫ్ నోటుబుక్కు చూసినట్టు ఉంటుంది. కొట్టివేతలతో సహా దాన్ని ఎవరో పారేయకుండా దాచిపెట్టారు. మాస్టార్లకు ఇది తెలిసిన విషయమే, పిల్లవాడు ఎలా నేర్చుకున్నాడో రఫ్ పుస్తకమే చెబుతుంది.

మిగిలిన పదేళ్ళు

ఆ ఐదు నెలల తర్వాత కోల్ట్రేన్‌కు మిగిలినవి పదేళ్ళు. 1958 మొదట్లో మైల్స్ డేవిస్ ఆయనను మళ్ళీ పిలిచారు. తాను తీసేసిన మనిషినే పిలవడానికి ఆయన నామోషీ పడలేదు. ఆ కలయిక నుంచి 1959లో 'కైండ్ ఆఫ్ బ్లూ' వచ్చింది. జాజ్‌లో అంతగా అమ్ముడైన ఆల్బమ్ దాదాపు ఇంకొకటి లేదు. అదే ఏడాది సొంతంగా 'జెయింట్ స్టెప్స్' రికార్డు చేశారు. కార్డుల మార్పును ఒక గణిత సమస్యలా ఎంత దూరం తీసుకుపోవచ్చో అంత దూరం తీసుకుపోయారు. ఈనాటికీ జాజ్ నేర్చుకునే పిల్లలకు అది ప్రవేశ పరీక్ష లాంటిది. అందులోనే భార్య పేరు మీద 'నైమా' అనే నెమ్మదైన రచన కూడా ఉంది.

1960లో సొంత బృందం పెట్టారు. మనం స్కూలు రోజుల్లో చూసిన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' లోని 'మై ఫేవరిట్ థింగ్స్' పాటను, సినిమా రాకముందే, నాటకం నుంచి తీసుకుని సొప్రానో సాక్సోఫోన్ మీద పావుగంట దాకా సాగదీసి వాయించారు. అందులో కార్డుల పరుగు తగ్గించి ఒకే స్వరసమూహం మీద నిలబడి అల్లుకుంటూ పోతారు. మన రాగాలాపన అలవాటైన చెవికి అది వెంటనే దగ్గరవుతుంది. ఆయనకు భారతీయ సంగీతమంటే నిజంగా ఆరాధన. 1961లో 'ఇండియా' అనే రచన వాయించారు. పండిట్ రవిశంకర్‌ను కలుసుకుని మన పద్ధతుల గురించి అడిగి తెలుసుకున్నారు. 1965లో పుట్టిన కొడుకుకు రవి అని పేరు పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ ఇప్పుడు పేరున్న సాక్సోఫోన్ విద్వాంసుడు.

1963లో ఇంకో సెప్టెంబరు 15 వచ్చింది. అదీ ఆదివారమే. అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి వారి చర్చిలో తెల్లజాతి దురహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకరికి పదకొండు. రెండు నెలలకు కోల్ట్రేన్ 'అలబామా' వాయించారు. మాటలు లేవు. చావు ఇంటి ముందు పెద్దాయన ఒకరు నిలబడి తగ్గు గొంతుతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇళ్ళల్లో పాచిపని చేసిన తల్లి కొడుకు, నల్లపిల్లల బడిలో చదివిన వాడు వాయించింది అది.

1964 డిసెంబరు 9న 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డు చేశారు. నాలుగు భాగాలు, ముప్పై మూడు నిమిషాలు. 1957లో తనకు దొరికిన రెండో జీవితానికి దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత అది. చివరి భాగంలో తాను రాసుకున్న ప్రార్థనను నోటితో చదవకుండా, అక్షరం అక్షరంగా సాక్సోఫోన్ మీద పలికించారు. నాదస్వరం మీద సాహిత్యం తెలిసేలా వాయించే మన విద్వాంసులను విన్నవారికి ఆ పద్ధతి వింతగా అనిపించదు.

1967 జులై 17న కాలేయ క్యాన్సర్‌తో పోయారు. పాత అలవాట్లు వదిలినా ఒంటిమీద మోపిన బరువు వదిలిందో లేదో చెప్పలేం. తర్వాతి రోజుల్లో ఆయన రెండో భార్య, హార్ప్ విద్వాంసురాలు ఆలిస్ వేదాంత మార్గం పట్టి కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టారు. మన పుట్టపర్తి సత్యసాయి బాబాకు భక్తురాలయ్యారు.

ఆయన టేపులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. 1957 నవంబరులో మంక్‌తో కార్నెగీ హాల్లో చేసిన కచేరీ టేపు అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఎవరి కంటా పడకుండా ఉండి 2005లో బయటపడింది. 1963లో చేసిన ఒక పూర్తి రికార్డింగు, నైమా కుటుంబం దాచిన టేపు పుణ్యమా అని 2018లో విడుదలైంది. విడిపోయిన భార్య తరఫువాళ్ళు కూడా ఆ టేపును భద్రంగా ఉంచారన్నమాట.

మన సంగతి

కోల్ట్రేన్ పట్టుదలను ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆ ఐదు నెలలను ఆయన ఒక్కడే గట్టెక్కలేదు. తల్లి ఇంటి తలుపు తీసింది. భార్య పక్కన కూర్చుంది. మంక్ పాఠం చెప్పారు. లయన్ రిహార్సల్‌కు డబ్బిచ్చారు. మైల్స్ మళ్ళీ పిలిచారు. వీళ్ళలో ఏ ఒక్కరైనా, అతని పని అయిపోయిందిలే అనుకుని ఉంటే ఆ ఆదివారం రికార్డింగు జరిగేది కాదేమో.

మా బ్యాచిలో ఒకడున్నాడు. లెక్కల్లో మా అందరికన్నా ముందుండేవాడు. నాకు త్రికోణమితి అర్థమైంది వాడు చెబితేనే. మంచి ఉద్యోగం వచ్చింది, తాగుడు వల్ల పోయింది. తర్వాత కొన్నేళ్ళు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు తాగడు. ఒక చిన్న ఊళ్ళో సాయంత్రాలు టెన్తు పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. మేం ఇద్దరం ముగ్గురం వెళ్ళి కలిశాం. పిల్లలు వాడి చుట్టూ కూర్చుని ఉన్నారు, నల్లబల్ల నిండా అంకెలు. పాఠం అయ్యేదాకా మేం అరుగు మీద కూర్చున్నాం. చెప్పే తీరు ఏమీ మారలేదు. బ్యాచి కలయికలకు మాత్రం వాడు ఒక్కసారీ రాలేదు. వస్తే మనం ఏం చేస్తున్నామని, ఎక్కడ సెటిల్ అయ్యామని అడుగుతాం కదా.

ప్రతి బ్యాచిలోనూ ఇలాంటి వారు ఒకరిద్దరు ఉంటారు. సంఘం చిరునామాల పుస్తకంలో వాళ్ళ పేర్ల ఎదురుగా ఖాళీ గళ్ళు కనిపిస్తాయి. ఈ స్వర్ణోత్సవంలో పెద్ద పదవుల్లో ఉన్నవారిని వేదిక మీద సన్మానిస్తున్నాం, సంతోషమే. దాంతోపాటు ప్రతి బ్యాచి బాధ్యులూ తమ జాబితాలోని ఖాళీ గళ్ళను నింపే పని పెట్టుకోవాలని నా మనవి. ఫోన్ సందేశం సరిపోదు, మనిషి వెళ్ళాలి. మా వాడికి ఆహ్వానం నేనే పట్టుకెళ్ళి ఇస్తున్నాను.

జాజ్ ఎప్పుడూ విననివారు 'బ్లూ ట్రెయిన్' మొదటి పాటతో మొదలుపెట్టండి. పది నిమిషాల పైచిలుకు ఉంటుంది. ఎల్పీ లేకపోతే ఫోనులో విన్నా ఫరవాలేదు. ఒకటి రెండుసార్లు అర్థం కాకపోతే వదిలేయకండి, మన మాస్టార్లు మనల్ని వదిలేయలేదు.